ఇంటిబడి, ఊరిబడి – మన వంతు

(శంషాబాద్ ప్రాంత సంఘముల తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సందర్భమున, నూరేండ్లలో దేవుడు మనకు చేసిన మేళ్ళను లెక్కించుకొనుచున్నాము. గుడులు కట్టబడిన వైనము, ఆసుపత్రులు వెలసిన వైనము, తొలినాటి గురువులు పడిన పాట్లు ఇతర వక్తలు చెప్పుదురు. ఆదివార బడిలో పాఠములు చెప్పుకొను మాకు మాత్రము ఒక చిన్న విషయము అప్పగించిరి. బిడ్డల చదువు విషయములో తల్లిదండ్రులు పాఠశాలనుండియు ఉపాధ్యాయులనుండియు ఏమి ఆశింపవచ్చును? బడి మానిపించి ఇంటియొద్దనే చదువు చెప్పుకొనుట తగునా? విషయము చిన్నదే గదా అని ఒప్పుకొంటిమి. తీరా ఆలోచింప కూర్చున్నప్పుడు ఇది మా మెడకే చుట్టుకొన్నది. ఎట్లు చుట్టుకొన్నదో దాచక మనవి చేసెదము.

మన ప్రాంతము సంగతి మీకు తెలియనిది కాదు. 2008 మార్చిలో విమానాశ్రయము బేగంపేటనుండి శంషాబాదునకు వచ్చినది. సుమారు 5,500 ఎకరముల భూమి దాని క్రిందికి పోయినది. అదే సంవత్సరము గచ్చిబౌలినుండి శంషాబాదు వరకు ఔటర్ రింగు రోడ్డు తెరచిరి. నాగలి పట్టిన చేతులు కొన్ని లోడింగు పనికి పోయినవి, కొన్ని కాపలా పనికి పోయినవి, కొన్ని స్టీరింగు పట్టినవి. విమానములకు రాత్రి పగలు లేదు గనుక మన ఇండ్లకును లేకపోయినది. తండ్రి రాత్రి డ్యూటీ ముగించుకొని ఇల్లు చేరువేళకు బిడ్డ బడి బస్సు ఎక్కుచుండును. బిడ్డ ఇల్లు చేరువేళకు తల్లి సాయంత్రపు షిఫ్టుకు పోవుచుండును. ఒక్క గదిలో కాపురముండి, వారమంతటిలో ఒకరితో ఒకరు నాలుగు మాటలు నెమ్మదిగా మాటలాడుకొనని కుటుంబములు మన సంఘములలో కలవు. వారికి బిడ్డలపై ప్రేమ లేదని ఎవ్వరును అనలేరు. ఆ ప్రేమనంతయు ఫీజు రూపముగా కట్టుచున్నారు.

విమానాశ్రయములో పనిచేయు మనవారు రోజూ చూచు దృశ్యము ఒకటి యున్నది. ప్రయాణికుడు తన పెట్టెను కౌంటరువద్ద అప్పగించి, చీటీ తీసికొని, చేతులూపుకొనుచు లోనికి పోవును. దిగినచోట పెట్టె రాకున్నను, విరిగి వచ్చినను కేకలు వేయును. అది న్యాయమే, ఏలయనగా పెట్టె దారిలో పెరుగదు, మారదు. మనము కూడ బిడ్డను జూన్ నెలలో బడిలో అప్పగించి, రసీదు జేబులో పెట్టుకొని, ఏప్రిల్ నెలలో చదువు వచ్చిన బిడ్డను ఇచ్చివేయుమని అడుగుచున్నాము. బిడ్డ పెట్టె కాడు గదా!

ఇక జరిగిన సంగతి చెప్పెదము. 2019 ఎండాకాలమున మన సహోదరి ఒకామె పెద్దలయొద్దకు వచ్చినది. ఆమె భర్త విమానాశ్రయమునకు క్యాబు నడుపును. ఆమె ఊడ్పు పనికి పోవుచుండెను. కుమారుడు ఒక ప్రైవేటు పాఠశాలలో మూడవ తరగతి ముగించినాడు. ఆమె అన్న మాట ఇది: "అయ్యగారూ, ఫీజు కడుతున్నం, ట్యూషన్‌కు పంపుతున్నం. పిల్లగానికి ఒక్క లైను చదువొస్తలేదు. ఇంకేం జెయ్యాలె? బడి బందు పెట్టి నేనే ఇంట్ల చెప్పుకుంట." అంతకు వారము ముందు భర్త బడికి పోయి, పిల్లలందరు చూచుచుండగా ఉపాధ్యాయురాలిమీద కేకలు వేసి వచ్చినాడు. ఆ అమ్మాయి కూడ మన పొరుగు సంఘపు బిడ్డయే. చాల చిన్న వయస్సుది. ఆమె కన్నీరు పెట్టుకొన్నదట. ఇంట్లో మీరు చూడకపోయిన మేమేమి చేయగలమని బడివారు బదులు చెప్పిరట.

అప్పుడు పెద్దలమని కూర్చున్న మేము ఆ సహోదరికి చెప్పిన జవాబు తలచుకొన్న ఇప్పటికిని సిగ్గగుచున్నది. "పదో తరగతి చదివినవు, నువ్వేం చెప్తవమ్మా? బడి మానిపిస్తే పిల్లగాడు చెడిపోతడు" అని పంపివేసితిమి. బాలునికి ఏమి వచ్చును, ఏమి రాదు అని మేమొక్కరమును అడుగలేదు. వానిని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొననైన లేదు.

ఆ నెలలోనే మన సెలవుల బైబిలు పాఠశాల జరిగినది. ఐదవ తరగతి బాలిక యొకతె ముందుకు వచ్చి 23వ కీర్తన చదివినది. వరుసల వెంబడి వ్రేలు నడుపుచు, ఎక్కడను తడబడక చదివినది. కంఠస్థ వాక్యములకు రెండేండ్లు వరుసగా మాచేత బహుమానము పొందిన బిడ్డ ఆమె. అందరును చప్పట్లు కొట్టిరి. మాలో ఒకరు దేనికో ఆమె వెనుకకు పోయి చూడగా, ఆ చేతిలోని బైబిలు 119వ కీర్తనయొద్ద తెరువబడియున్నది! ఆ సాయంకాలము తక్కిన పిల్లలకు ఒక్కొక్కరికి వారెరుగని పేజీ తీసి యిచ్చితిమి. చదివినవారికంటె తల వంచుకొన్నవారే ఎక్కువ. ఇన్నేండ్లుగా ఎంత బాగుగ చెప్పినది అని మెచ్చుకొంటిమి గాని, చదువుచున్నదా అని చూడలేదు. తండ్రి బడిని నిందించినాడు, బడి ఇంటిని నిందించినది, మేము తల్లిని నిందించితిమి. ఆ ముగ్గురిలో ఎవ్వరును బిడ్డ చేతిలోని పేజీ చూడలేదు.

మరునాడు మేము ఆ సహోదరి ఇంటికి పోయితిమి. మన్నింపుమని అడిగితిమి. ఏమి చేయదలచితివో చెప్పుమని కూర్చుంటిమి. ఆమె కథ తరువాతి భాగము చివర చెప్పెదము. అంతకుముందు ఇంటిబడి అనగా ఏమో, ఊరిబడినుండి మనకు రావలసినది ఏమో కొంచెము విచారింతము.

ఇంటియొద్ద చదువు చెప్పుట క్రొత్త సంగతి కాదు. ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయములో మోషే ఇశ్రాయేలీయుల తలిదండ్రులకు పెట్టిన పని అదియే. ఇంట కూర్చున్నను, త్రోవను నడచుచున్నను, పండుకొన్నను, లేచినను దేవుని మాట పిల్లలకు చెప్పవలెనన్నాడు. ఆ పని యాజకునికి అప్పగించి ఊరకుండుడని చెప్పలేదు. మన పెద్దలకు అక్షరము దొరికినదియు ఇట్టి త్రోవనే గదా. నిజాము రాజ్యములో వెస్లియను మిషను దొరలు రాకముందు మన పల్లెలవారికి పలక ముట్టు భాగ్యమెక్కడిది? పగలు కూలికి పోయినవారికి రాత్రి దీపము వెలుతురున ఉపదేశి అక్షరములు దిద్దించెను. తండ్రియు కుమారుడును ఒకే పలక చూచి నేర్చుకొన్న ఇండ్లున్నవి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయమును చూచి లోకము ఆశ్చర్యపడుచున్నది. ఆ రాతి గోడలకంటె ముందు నిలిచినది ఆ పలకయే అని మరువరాదు.

వెస్లియను అని మన పూర్వులు పేరు పెట్టుకొన్న ఆ జాన్ వెస్లీ గారి చదువు కూడ ఇంటిలోనే మొదలైనది. ఆయన తల్లి సుసన్నా వెస్లీ ఇంగ్లండులో ఎప్‌వర్త్ అను ఊరి గురువు భార్య. 19 మంది బిడ్డలను కని, వారిలో సుమారు సగము మందిని పసితనముననే పోగొట్టుకొన్నది. బిడ్డకు ఐదేండ్లు నిండగానే దినమునకు ఆరు గంటలు ఇంటనే పాఠము చెప్పెడిది. 1709లో ఇల్లు కాలిపోయి పిల్లలు ఇరుగుపొరుగు ఇండ్లలో తలదాచుకొనిరి. వారు తిరిగివచ్చిన తరువాత చెడిన అలవాట్లను దిద్దుటకు ఆమె మరల మొదటినుండి ప్రారంభించవలసివచ్చెను. అంత పనిలోను వారములో ఒక సాయంకాలము ఒక్కొక్క బిడ్డకు ప్రత్యేకించెను. గురువారపు సాయంత్రము జాన్ వంతు. ఆ తల్లియే 1714లో జాన్‌ను లండనులోని చార్టర్‌హౌస్ పాఠశాలకు పంపించెను. కనుక ఇంటిబడికి ఊరిబడి శత్రువు కాదు. ఒకటి పునాది, మరొకటి గోడ.

ఇప్పుడు పట్టణములలో దీనిని హోమ్ స్కూలింగ్ అనుచున్నారు. చట్టము సంగతి కూడ తెలిసికొందము. విద్యాహక్కు చట్టము 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. 6 నుండి 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్య దాని సారము. బిడ్డను బడిలో చేర్పించుట తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షను చెప్పుచున్నది. అట్లు చేర్పింపనివారికి ఆ చట్టములో శిక్ష మాత్రము వ్రాయబడలేదు. తీవ్రమైన వైకల్యము గల బిడ్డలు ఇంటియొద్దనే చదువుకొనుటకు 2012 సవరణ అవకాశమిచ్చినది. తక్కినవారి ఇంటిబడికి ప్రత్యేకమైన ఏర్పాటు అందులో లేదు. ఇంటియొద్ద చదివిన బిడ్డ 14 ఏండ్లు నిండిన తరువాత జాతీయ సార్వత్రిక విద్యాసంస్థద్వారా గాని, మన రాష్ట్రపు ఓపెన్ స్కూలుద్వారా గాని పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. కనుక త్రోవ మూసివేయబడలేదు, కాని నడచుట కష్టము. ఇంటిలో ఒకరు పని మానుకొని కూర్చుండగలరా? వారికి ఓర్పు కలదా? బిడ్డకు ఆటలాడుకొను తోడు ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరకక, కేవలము బడిమీది కోపముచేత బిడ్డను ఇంట నిలుపుకొన్నయెడల నష్టపోవువాడు బిడ్డయే.

ఇక బడినుండి ఏమి ఆశింపవచ్చును? అదే చట్టము 24వ సెక్షనులో ఉపాధ్యాయుని విధులు వ్రాసినది. వేళకు రావలెను. పాఠ్యక్రమము పూర్తిచేయవలెను. ఒక్కొక్క బిడ్డకు ఎంత వచ్చునో చూచి, వెనుకబడినవానికి అదనముగా చెప్పవలెను. తల్లిదండ్రులతో క్రమముగా సమావేశమై బిడ్డ హాజరు, చదువు, ప్రగతి తెలుపవలెను. ఇది దయ కాదు, విధి. బిడ్డను కొట్టరాదని, మనస్సు నొప్పింపరాదని 17వ సెక్షను. ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషను చెప్పరాదని 28వ సెక్షను. ప్రభుత్వ పాఠశాలలలోను, ఎయిడెడు పాఠశాలలలోను నిర్వహణ సంఘము ఉండవలెనని, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెనని, సగము మంది స్త్రీలు ఉండవలెనని 21వ సెక్షను. మనలో ఎందరము ఆ సంఘపు కూటమునకు పోయితిమి? ఫీజు పెరిగినప్పుడు గేటువద్ద గుమిగూడుదుము గాని, నా బిడ్డ ఒక పేరా చదువగలదా అని అడుగుటకు పోము.

బడినుండి ఆశింపరానిదియు కలదు. బిడ్డకు అబద్ధమాడరాదని నేర్పు పనిని, ఫోను ప్రక్కన పెట్టి నిద్రపుచ్చు పనిని, ప్రార్థన నేర్పు పనిని బడికి వదలివేయరాదు. ఉపాధ్యాయులును మనవంటి కూలివారే అని మరువరాదు. 2020 మార్చిలో కరోనా వలన పాఠశాలలు మూతపడినప్పుడు ప్రైవేటు బడులలో పనిచేయు మన యువతీయువకులు అనేకులు జీతము లేక కూర్చుండిరి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వము ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చినది. మన బిడ్డలకు అక్షరము నేర్పినవారు ఆ బియ్యముకొరకు వరుసలో నిలిచిరి. మన ఆశలు వారి భుజములమీద పెట్టునప్పుడు ఆ భుజములు ఎంత సన్ననివో చూడవలెను.

ఆ మూసివేత కాలము మనకందరికిని ఒక పరీక్షయే. 2020 మార్చి 25నుండి రెండు నెలలు దేశములోపలి విమానములు కూడ నిలిచిపోయెను. క్యాబులు ఇండ్ల ముందర నిలిచెను. ఇంటిబడి తగునా తగదా అని వాదించిన మనమందరమును, కోరకుండగనే ఇంటిబడి పెట్టవలసివచ్చెను. సెప్టెంబరు 1నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళలో 3 నుండి 10వ తరగతి వరకు పాఠములు వచ్చినవి. 2021 ఫిబ్రవరిలో పై తరగతులు తెరచి మార్చిలో మరల మూసిరి. సెప్టెంబరులో గాని బడులు సరిగా తెరచుకొనలేదు. మా ఆదివార బడి పిల్లలలో మేము చూచినది చెప్పుచున్నాము. ప్రక్కన ఒకరు కూర్చుండిన ఇంటిలో, ఆ కూర్చున్నవారు చదువు రాని అవ్వయే యైనను, బిడ్డ నేర్చినది నిలుపుకొన్నది. ఫోను చేతికిచ్చి తలుపు వేసిన ఇంటిలో వచ్చినది కూడ మరచినది.

ఇప్పుడు ఆ సహోదరి కథకు వచ్చెదము. ఆమె 2019 జూన్‌లో కుమారుని బడి మానిపించి, తన పని కూడ మానుకొన్నది. ఇల్లు గడచుట కష్టమైనది. వాచకము తెరచిన బాలుడు భయపడెడివాడు గనుక, ఆమె వాచకము మూసివేసి వానిని వీధిలోనికి తీసికొనిపోయెను. దుకాణముల బోర్డులు, బస్సుల పేర్లు, ఉందానగర్ రైల్వే స్టేషనులో పసుపుపచ్చ బోర్డుమీది అక్షరములు, బియ్యపు సంచిమీది వ్రాత, ఇవియే వాని వాచకములు. తండ్రి నిద్ర లేచిన తరువాత ఆనాటి ట్రిప్పులు, డీజిలు ఖర్చు ఒక నోటుబుక్కులో వ్రాసి కూడుట బాలుని పని. "నాయన ఇయ్యాల ఎంత మిగిలిచ్చిండో నేనే చెప్త" అని వాడు గర్వపడెడివాడు. రోజుకు పావుగంటయైనను తండ్రీకొడుకులు ఒకే పుస్తకముమీద వంగినది అప్పుడే మొదటిసారి. సంవత్సరము తిరుగకమునుపే బాలుడు మా చేతిలోని బైబిలులో మేము తీసి చూపిన పేజీ కూడబలుకుకొని చదివినాడు.

అయినను ఆమె మాతో ఇట్లనెను: "నాకు వచ్చిందంత అయిపోయింది అయ్యగారూ. ఇంగ్లీషు, పెద్ద లెక్కలు నాతోటి కావు. ఆడుకుందామంటె వానికి దోస్తులు లేరు." 2021లో బడులు తెరచిన తరువాత వానిని దగ్గరి ప్రభుత్వ పాఠశాలలో చేర్పించిరి. వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెనని చట్టములో ఉన్నది గనుక ఆటంకము కలుగలేదు. తరువాత వాడు అందరికంటె ముందు నిలిచినాడని మేము చెప్పము. లెక్కలలో వెనుకబడినాడు. ఆంగ్లము తడబడుచు చదివెడివాడు. కాని రానిదానిని రాదని చెప్పి అడుగుట నేర్చుకొన్నాడు. అదియే మాకు గొప్ప చదువుగా తోచినది.

ఆ తండ్రి సంగతి కూడ చెప్పవలెను. 2021లో ఆ ఉపాధ్యాయురాలు బియ్యపు సంచితో రోడ్డు ప్రక్క నిలిచియుండగా చూచి, క్యాబు ఆపి, సంచి ఎక్కించుకొని ఇంటివద్ద దించినాడు. "టీచరమ్మా, ఆ రోజు నోరు జారిన. మనసుల పెట్టుకోకుండ్రి" అన్నాడట. ఈ మాట ఆమెయే మాకు చెప్పినది.

ప్రియులారా, మేము మీయెదుట పెద్ద పథకములేవియు పెట్టుటలేదు. మూడు మనవులు మాత్రము చేయుచున్నాము. మొదటిది, ఏ షిఫ్టులో ఉన్నను దినములో పావుగంట బిడ్డ ప్రక్కన కూర్చుండుడి. మీకు చదువు రాకున్న బిడ్డచేత చదివించుకొని వినుడి. తెలియని పేజీ తీసి యిచ్చుటకు చదువు అక్కరలేదు. రెండవది, ఉపాధ్యాయునియొద్దకు నిందతో గాక ప్రశ్నతో పోవుడి. నా బిడ్డకు ఏమి వచ్చును, ఏమి రాదు, మేమేమి చేయవలెను అని అడుగుడి. చట్టము మీకిచ్చిన సమావేశమునకు తప్పక పోవుడి. మూడవది మాకు మేము చెప్పుకొనునది. కంఠస్థ వాక్యముల బహుమానముతోపాటు, చూడని పేజీ చదివిన బిడ్డకును బహుమానమిచ్చుట ప్రారంభించితిమి. సాయంకాలము గుడి వరండా తెరచియుంచుచున్నాము. చదువుకొన్న యువకులు వంతులవారీగా వచ్చి కూర్చుండవలెనని వేడుకొనుచున్నాము. 23వ కీర్తన చెప్పిన ఆ బాలిక కూడ ఆ వరండాలోనే, నిదానముగా, అక్షరము వెంబడి అక్షరము చదువ నేర్చినది.

హన్నాను జ్ఞాపకము చేసికొనుడి. ఎంతో ప్రార్థించి కన్న సమూయేలును ఆమె పాలు విడిచిన పిమ్మట షిలోహులోని మందిరమున ఏలీకి అప్పగించెను. అప్పగించి మరువలేదు. ఏటేట ఒక చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయి ఇచ్చెడిదని లేఖనము చెప్పుచున్నది. ఎదుగు బిడ్డకు అంగీ కుట్టవలెనన్న వాని పొడవెంతో, భుజమెంతో ఆ తల్లి ఎరిగియుండవలెను గదా. మన బిడ్డల చదువు కొలత మనకు తెలియునా? ఏలీ బోధించుచుండగా హన్నా అంగీ కుట్టుచుండెను. ఇద్దరి పనియు కలిసి ఒక ప్రవక్త ఇశ్రాయేలునకు దొరికినాడు.

రాబోవు నూరేండ్లకు మన సంఘములలో చదువ నేర్చిన బిడ్డలు నిలుచునట్లు, మన ఇండ్లకును మన బడులకును దేవుడు తన కృపను అనుగ్రహించును గాక. ఆమేన్.